ట్రిగ్గర్ ఎన్నిసార్లు ఫైర్ కావాలి: రోకొకసారా, స్టేట్‌మెంట్‌కొకసారా?

(డేటాబేస్‌ల మీద పనిచేసే ఇంజనీర్ల ముందు తెలుగులో ఇచ్చిన ప్రసంగం. మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేసి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ట్రిగ్గర్ అంటే టేబుల్‌లో డేటా మారినప్పుడు దానంతటదే నడిచే (ఫైర్ అయ్యే) కోడ్. అంతకు మించి మొదటి నుంచి చెప్పను. మీలో చాలామంది రాసే ఉంటారు. రాయకపోయినా, ఎవరో రాసి వెళ్లిపోయిన దాని కోసం ఎప్పుడో ఒకప్పుడు తల పట్టుకునే ఉంటారు. అందుకని నేరుగా ప్రశ్నలోకి వస్తా.

ఒక అప్‌డేట్ స్టేట్‌మెంట్, అంటే డేటాని మార్చే ఒక కమాండ్, కొట్టారు. 40,000 రోలు, అంటే టేబుల్‌లో వరసలు, మారాయి. ఆ టేబుల్ మీద ఒక ట్రిగ్గర్ ఉంది. అదెన్నిసార్లు ఫైర్ అవుతుంది?

ముందు వరసలో 40,000 అంటున్నారు. అటువైపు నుంచి ఒక్కసారే అని వినబడింది. ఇద్దరిదీ కరెక్టే. 40,000 అన్నాయన మైఎస్‌క్యూఎల్ వాడుతుండాలి, ఒక్కసారే అన్నావిడ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడుతుండాలి. అవునా? సరే. మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్‌లైట్‌లో రో లెవెల్ ట్రిగ్గర్ (రోకొకసారి ఫైర్ అయ్యేది) ఒక్కటే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్టేట్‌మెంట్ లెవెల్ (స్టేట్‌మెంట్‌కొకసారి ఫైర్ అయ్యేది) ఒక్కటే ఉంది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, డీబీ2 ఈ మూడింటిలో రెండూ ఉన్నాయి, ఏది కావాలో మనమే చెప్పాలి. చెప్పకపోతే? ఒరాకిల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్ లెవెల్ అని తీసుకుంటాయి. "ఫర్ ఈచ్ రో" అన్న మూడు మాటలు మర్చిపోయి, పోస్ట్‌గ్రెస్‌లో నా ట్రిగ్గర్‌లో న్యూ (ఆ రో కొత్త విలువలు) ఖాళీగా వస్తోందేంటని గంటలు గంటలు వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ తేడాలు ఎందుకంటే, ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్‌లోకి ట్రిగ్గర్లు వచ్చిందే 1999లో. అప్పటికే సైబేస్, ఒరాకిల్ లాంటివాళ్లు ఎవరి పద్ధతిలో వాళ్లు కట్టేసుకున్నారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ లోపల కొత్త రోలకి ఇన్సర్టెడ్, పాత రోలకి డిలీటెడ్ అని రెండు టేబుళ్లు కనిపిస్తాయి చూడండి, అది సైబేస్ నుంచి వచ్చిన ఆస్తి.

ఇంకో చిన్న సంగతి. అప్‌డేట్ కొడితే ఒక్క రో కూడా మారలేదనుకోండి. రో లెవెల్ ట్రిగ్గర్ సున్నా సార్లు ఫైర్ అవుతుంది. స్టేట్‌మెంట్ లెవెల్‌ది మాత్రం ఒకసారి ఫైర్ అవుతుంది. పని జరగకపోయినా అవుతుంది. అందుకే ఆ ట్రిగ్గర్‌లో ఈమెయిల్ పంపడం లాంటివి పెడితే, ఏమీ మారని రోజు కూడా ఈమెయిల్ పోతుంది.

ఈ రెండింటిలో ఏది పెట్టాలన్నది చాలామంది స్పీడు ప్రశ్న అనుకుంటారు. రో లెవెల్ స్లో, స్టేట్‌మెంట్ లెవెల్ ఫాస్ట్, అంతే అని. నేనలా అనను. మీరు అడుగుతున్న ప్రశ్న ఒక రో గురించా, లేక ఆ స్టేట్‌మెంట్ ముట్టుకున్న రోలన్నిటి గురించి కలిపా? ముందు అది తేలాలి. స్పీడు దాని వెనకే వస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం, గాల్లో మాట్లాడితే లాభం లేదు.

పాల డెయిరీ తీసుకుందాం. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట రైతులు కేంద్రానికి వచ్చి పాలు పోస్తారు. మిషన్‌లో వెన్న శాతం చూస్తారు, చార్టు ప్రకారం రేటు పడుతుంది, పదిహేను రోజులకోసారి బిల్లు. మన టేబుల్ పేరు సేకరణ. కాలమ్స్: రైతు, కేంద్రం, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, రేటు, మొత్తం. ఇంకో టేబుల్ కేంద్రం లెక్క. ఒక్కో కేంద్రానికి, ఒక్కో పూటకి ఎన్ని లీటర్లు వచ్చాయి, ఎంత డబ్బు ఇవ్వాలి. మూడోది డెయిరీ లెక్క. అన్ని కేంద్రాలూ కలిపి పూటకి ఒక రో. నాలుగోది చరిత్ర. ఎవరు ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారు, అంతకుముందు ఏముంది. డబ్బుల వ్యవహారం కాబట్టి ఇది ఉండి తీరాలి. 4.2 ఉన్న ఫ్యాట్ రాత్రికి రాత్రి 5.2 ఎలా అయిందని రేపు ఎవరైనా అడుగుతారు.

ఇక్కడ ట్రిగ్గర్‌కి మూడు పనులున్నాయి. రేటు చూసి మొత్తం వేయడం. లెక్కలు కూడటం. చరిత్ర రాయడం.

మొదటి పని గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఒక రైతుకి రావాల్సిన మొత్తం లెక్కగట్టడానికి ఇంకో రైతు రోతో పని లేదు. పైగా డిస్క్‌కి పోకముందే విలువ మార్చాలి. ఆ అధికారం ఉన్నది బిఫోర్ రో ట్రిగ్గర్‌కే, అంటే రో రాయకముందు ఫైర్ అయ్యేదానికే. రాశాక ఫైర్ అయ్యేది ఆఫ్టర్. న్యూ డాట్ మొత్తం ఈక్వల్స్ న్యూ డాట్ లీటర్లు ఇంటూ రేటు, అయిపోయింది. వెన్న శాతం ఫలానా హద్దుల్లోనే ఉండాలంటే దానికి చెక్ కన్‌స్ట్రెయింట్ (విలువ మీద టేబుల్‌లోనే పెట్టే షరతు) పెట్టండి, ట్రిగ్గర్ ఎందుకు? లీటర్లు ఇంటూ రేటు కూడా, రెండూ అదే రోలో ఉంటే జనరేటెడ్ కాలమ్ (డేటాబేస్ తనే లెక్కగట్టే కాలమ్) చాలు, పోస్ట్‌గ్రెస్‌లో 12 నుంచి ఉంది. రేటు వేరే చార్టు టేబుల్ నుంచి తేవాలి కాబట్టి మనకి ట్రిగ్గర్ కావాల్సి వచ్చింది.

ఒక్క హెచ్చరిక. పోస్ట్‌గ్రెస్‌లో బిఫోర్ రో ఫంక్షన్ చివర రిటర్న్ న్యూ అనాలి. పొరపాటున రిటర్న్ నల్ అన్నారో, ఆ రోని వదిలెయ్ అని అర్థం. ఎర్రర్ రాదు. ఇన్సర్ట్ సున్నా అని వస్తుంది, ఎవరూ చూడరు. రైతు పాలు పోశాడు, ఎంట్రీ లేదు. స్టేట్‌మెంట్ లెవెల్‌లో ఈ బాధ లేదు, అక్కడ రిటర్న్ విలువని అది పట్టించుకోదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లకి బిఫోర్ అనేదే లేదు. ఆఫ్టర్‌లో ఇన్సర్టెడ్ టేబుల్‌తో జాయిన్ పెట్టి మళ్లీ అప్‌డేట్ చేసుకోవాలి, లేదా అసలు కమాండ్ బదులు నడిచే ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్రిగ్గర్ రాసుకోవాలి.

ఇక రెండో పని. అసలు సంగతి ఇక్కడుంది, దీని మీద కాస్త నిలబడదాం.

రో లెవెల్‌లో అందరికీ తట్టేది ఇది. సేకరణలో ఒక రో పడగానే, కేంద్రం లెక్కలో ఆ కేంద్రం, ఆ పూట రో వెతికి, లీటర్లు ఈక్వల్స్ లీటర్లు ప్లస్ న్యూ డాట్ లీటర్లు. డెయిరీ లెక్కలో కూడా అలాగే. కేంద్రంలో కుర్రాడు ఒక్కో రైతుకి ఎంట్రీ కొడుతున్నంతసేపు ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆఫీసులో డెమో ఇస్తే అందరికీ నచ్చుతుంది.

తర్వాత ఏమవుతుందంటే, పల్లెల్లో నెట్ పోతుంది. కేంద్రాల దగ్గర మిషన్‌లో ఎంట్రీలు ఆగి ఉంటాయి. నెట్ వచ్చాక హెడ్డాఫీసు వాళ్లు ఒకే ఫైలుగా చేసి కాపీ కమాండ్‌తో ఎక్కిస్తారు. 200 కేంద్రాలు, కేంద్రానికి 200 మంది రైతులు, ఒక్క పూటకి 40,000 రోలు అనుకోండి. కాపీ కూడా ట్రిగ్గర్లని ఫైర్ చేస్తుంది. రో లెవెల్ అయితే 40,000 సార్లు.

40,000 అంటే డేటాబేస్‌కి పెద్ద సంఖ్య కాదు కదా అంటారు. కాదు నిజమే. చూడాల్సింది ఎన్నిసార్లు అన్నది కాదు, ఎవరి మీద అన్నది. కేంద్రం లెక్కలో 200 రోలున్నాయి, ఒక్కోటీ 200 సార్లు అప్‌డేట్ అయింది. డెయిరీ లెక్కలో ఆ పూటకి ఉన్నది ఒకే ఒక్క రో. అది 40,000 సార్లు అప్‌డేట్ అయింది, ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అయితే అంతా కలిసి అయ్యే, లేకపోతే అంతా కలిసి రద్దయ్యే ఒకే పనిలో.

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత రో మీద చెరిపి రాయడం కాదని మీకు తెలుసు. కొత్త వెర్షన్ పక్కన రాస్తుంది, పాతది అలాగే ఉంటుంది, తర్వాత ఎప్పుడో వ్యాక్యూమ్ వచ్చి ఊడుస్తుంది. మామూలుగా అయితే పేజీ నిండినప్పుడు చనిపోయిన వెర్షన్లని అక్కడికక్కడే తీసేసే ఏర్పాటు కూడా ఉంది. కానీ ఈ ట్రాన్సాక్షన్ ఇంకా కమిట్ కాలేదు, అంటే ఖాయం కాలేదు. రేపు రోల్‌బ్యాక్ (రద్దు) అయినా కావచ్చు. అందుకని ఆ ట్రాన్సాక్షన్ పెట్టిన పాత వెర్షన్లని ఎవరూ తీయలేరు. ఒక్క రోకి 40,000 వెర్షన్లు పేరుకుంటాయి. 30,001వ సారి ఆ రోని వెతుక్కుంటూ పోయినప్పుడు, ముందు రాసిన చచ్చిన వెర్షన్లన్నిటినీ దాటుకుంటూ పోవాలి. మొదటి వెయ్యి రోలు చిటికెలో పోతాయి, చివరి వెయ్యి ఈడుస్తాయి. రోలు రెట్టింపయితే టైము రెట్టింపు కాదు, అంతకంటే బాగా పెరుగుతుంది. లోడ్ ఇంకా నడుస్తోందా, ఆగిపోయిందా అని ఎవరైనా అడిగారంటే ముందు ఇలాంటి ట్రిగ్గర్ ఉందేమో చూడండి.

ఇదే పని స్టేట్‌మెంట్ లెవెల్‌లో చూద్దాం. పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్ ట్రిగ్గర్లు ఎప్పటి నుంచో ఉన్నా, ఏ రోలు మారాయో అందులో తెలిసేది కాదు. ఎవరో తలుపు కొట్టారని తెలుసు, ఎవరన్నది తెలియదు. 2017లో వచ్చిన వెర్షన్ 10తో అది మారింది. ట్రాన్సిషన్ టేబుళ్లు వచ్చాయి. చదువుతా, రాసుకోండి:

క్రియేట్ ట్రిగ్గర్ లెక్క_కూడు
ఆఫ్టర్ ఇన్సర్ట్ ఆన్ సేకరణ
రిఫరెన్సింగ్ న్యూ టేబుల్ యాజ్ కొత్తవి
ఫర్ ఈచ్ స్టేట్‌మెంట్
ఎగ్జిక్యూట్ ఫంక్షన్ లెక్క_కూడే_ఫంక్షన్

కొత్తవి అన్నది ఫంక్షన్ లోపల మామూలు టేబుల్‌లా కనిపిస్తుంది. ఈ స్టేట్‌మెంట్ పెట్టిన 40,000 రోలూ అందులో ఉంటాయి. ఇక ఫంక్షన్‌లో కేంద్రం లెక్కకి ఒకటే క్వెరీ. కొత్తవి నుంచి కేంద్రం, తేదీ, పూట వారీగా గ్రూప్ బై చేసి లీటర్లు, డబ్బు సమ్ చేయండి. దాన్ని కేంద్రం లెక్కలోకి ఇన్సర్ట్ చేయండి, అప్పటికే ఉంటే ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్‌తో కలపండి. 200 రోలు, ఒక్కోటి ఒక్కసారి. డెయిరీ లెక్కకీ ఇలాంటిదే ఇంకో క్వెరీ: ఒక రో, ఒక్కసారి. కథ అయిపోయింది.

దీంట్లో ఇంకో లాభం చాలామందికి కనబడదు. రెండు ఫైళ్లు ఒకేసారి ఎక్కుతున్నాయనుకోండి. రో లెవెల్‌లో, లెక్కల టేబుల్ మీద లాకులు ఫైల్లో రోలు ఏ వరసలో ఉంటే ఆ వరసలో పడతాయి. ఒక ఫైల్లో 17వ కేంద్రం ముందు, 90వది తర్వాత. ఇంకో ఫైల్లో తిరగేసి ఉంది. డెడ్‌లాక్, ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ ఇరుక్కుంటారు. స్టేట్‌మెంట్ లెవెల్‌లో ఆ గ్రూప్ బై కింద కేంద్రం మీద ఆర్డర్ బై పెట్టారంటే లాకులు ఎప్పుడూ ఒకే వరసలో పడతాయి. అలాగని అన్నీ తీరిపోయినట్టు కాదు. డెయిరీ లెక్కలో ఉన్నది ఒకే రో కదా, మొదటివాళ్లు కమిట్ కొట్టేదాకా రెండోవాళ్లు ఆగాల్సిందే. ఇది రెండు పద్ధతుల్లోనూ అంతే. ఆ రోని తీసేసి కేంద్రం లెక్కల మీద వ్యూ (అడిగినప్పుడల్లా నడిచే, పేరు పెట్టిన క్వెరీ) పెట్టుకుంటే సరిపోతుందా అని ఆలోచించండి. 200 రోలు కూడటం ఏ డేటాబేస్‌కీ కష్టం కాదు.

(వెనక వరస నుంచి ఒక ప్రశ్న: అప్‌డేట్, డిలీట్ వస్తే?)

మంచి ప్రశ్న. ట్రాన్సిషన్ టేబుళ్లు వాడితే పోస్ట్‌గ్రెస్ ఒక ట్రిగ్గర్‌కి ఒకే ఈవెంట్ ఒప్పుకుంటుంది. ఇన్సర్ట్ ఆర్ అప్‌డేట్ ఆర్ డిలీట్ అని కలిపి రాస్తే తీసుకోదు. మూడు ట్రిగ్గర్లు రాసుకోవాలి, విసుగే. అప్‌డేట్‌కి పాతవి, కొత్తవి రెండు టేబుళ్లూ వస్తాయి. కొత్తవాటి లీటర్లు ప్లస్‌తో, పాతవాటి లీటర్లు మైనస్‌తో తీసుకుని, యూనియన్ ఆల్ కొట్టి, గ్రూప్ బై. ఎంట్రీని ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చినా సరే, పాత కేంద్రంలో తగ్గుతుంది, కొత్త కేంద్రంలో పెరుగుతుంది. ఏ పాత రో ఏ కొత్త రోగా మారిందో మనకి అక్కర్లేదు. మొత్తాలకి జత కలపాల్సిన పని లేదు.

ఈ జత అన్నమాట గుర్తుపెట్టుకోండి, మూడో పనికి అదే కీలకం.

మూడోది, చరిత్ర. ఫ్యాట్ 4.2 నుంచి 5.2 అయిందని రాయాలంటే ఆ 4.2, ఈ 5.2 ఒకే ఎంట్రీవని తెలియాలి. రో లెవెల్‌లో ఓల్డ్, న్యూ రెండూ చేతిలో పక్కపక్కనే ఉంటాయి. స్టేట్‌మెంట్ లెవెల్‌లో రెండు కుప్పలు ఇస్తారు, జత మనం కలుపుకోవాలి, ప్రైమరీ కీ (ఒక్కో రోని గుర్తుపట్టే విలువ) మీద జాయిన్‌తో. బాగానే ఉంటుంది, ప్రైమరీ కీ మారనంత కాలం. ఎవరైనా అప్‌డేట్‌లో కీనే మార్చారంటే ఆ జత పోయినట్టే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆడిట్ రాసేవాళ్లకి ఇది పాత గొడవే. మారని సరోగేట్ కీ (గుర్తు కోసమే పెట్టుకున్న నంబరు) ఒకటి ఉంచుకోండి, లేదా జత కలపడం మానేసి పాతవి పాతవిగా, కొత్తవి కొత్తవిగా అలాగే రాసెయ్యండి.

అందుకని చరిత్రకి నేను రో లెవెల్ వైపే మొగ్గుతాను, రెండూ ఉన్నచోట. 40,000 సార్లు ఫైర్ అయితే స్లో కాదా అంటే, కొంత స్లోనే. కానీ ఇక్కడ ప్రతి ఫైరుకీ చరిత్రలో ఒక కొత్త రో పడుతుంది, అంతే. ఒకే రోని పట్టుకుని మళ్లీ మళ్లీ రుద్దడం లేదు. రోలు రెట్టింపయితే టైమూ రెట్టింపు, దాన్ని భరించొచ్చు. పైగా రో లెవెల్‌లో వెన్ క్లాజ్ ఉంది. ఓల్డ్ డాట్ స్టార్ ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ న్యూ డాట్ స్టార్ అని పెడితే, నిజంగా ఏమీ మారని రోలకి ఫంక్షన్‌నే పిలవదు. స్టేట్‌మెంట్ లెవెల్ వెన్‌లో కాలమ్ విలువలు చూసే వీలు లేదు.

చరిత్ర ఎప్పుడూ ఆఫ్టర్‌లోనే రాయండి. బిఫోర్‌లో రాస్తే మీ తర్వాత ఇంకో బిఫోర్ ట్రిగ్గర్ వచ్చి విలువ మార్చొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే రకం ట్రిగ్గర్లు పేర్ల అక్షరక్రమంలో ఫైర్ అవుతాయి. పేరు పెట్టడంలో ఉన్న ఆ తేడాకి చరిత్ర తప్పడం ఎందుకు? ఇంకోటి, ఇన్సర్ట్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ వాడినప్పుడు బిఫోర్ ఇన్సర్ట్ రో ట్రిగ్గర్ అన్ని రోలకీ ఫైర్ అవుతుంది, చివరికి ఇన్సర్ట్ కాకుండా వదిలేసిన రోలకి కూడా. అందులో లెక్క కూడారంటే పాలు రాకుండానే లీటర్లు పెరుగుతాయి.

ఇప్పుడు ఒరాకిల్ వాళ్లకి. మీ దగ్గర ఇదంతా ఇంకో రూపంలో వస్తుంది. ఒక నియమం అనుకుందాం. ఒక రైతు ఒక పూటకి 60 లీటర్లకి మించి పోయకూడదు. రో ట్రిగ్గర్‌లో సేకరణ టేబుల్‌నే క్వెరీ చేసి, ఈ రైతుకి ఈ పూట ఇప్పటిదాకా ఎంత అని చూశారు. ఓఆర్ఏ-04091. టేబుల్ ఈజ్ మ్యుటేటింగ్. ఆ ఎర్రర్‌ని తిట్టుకోని ఒరాకిల్ డెవలపర్ ఉండడు. నిజానికి అది తిట్టాల్సిన ఎర్రర్ కాదు. స్టేట్‌మెంట్ సగంలో ఉంది. కొన్ని రోలు మారాయి, కొన్ని మారలేదు. ఏ వరసలో మారుతాయన్న గ్యారంటీ లేదు. ఇప్పుడు నువ్వు మొత్తం ఎంత అని అడిగితే వచ్చే జవాబుకి అర్థం లేదు, అందుకే చెప్పను అంటోంది. రోలన్నిటి గురించి అడగాల్సిన ప్రశ్నని ఒక రో మీద నిలబడి అడిగామని పట్టించేస్తోంది.

దీనికో చమత్కారం ఉంది. ఇన్సర్ట్ వాల్యూస్ అని ఒకే రో పెడితే, బిఫోర్ రో ట్రిగ్గర్‌లో ఈ ఎర్రర్ రాదు. ఒక్క రోనే అని దానికి ముందే తెలుసు కాబట్టి. టెస్టింగ్‌లో అందరం చేసేది అదే కదా. ఇన్సర్ట్ సెలెక్ట్ వచ్చిన రోజు బయటపడుతుంది.

ఆ ఎర్రర్ పోగొట్టడానికి కొందరు ట్రిగ్గర్‌లో ప్రాగ్మా అటానమస్ ట్రాన్సాక్షన్ పెడతారు. ఎర్రర్ పోతుంది. ఎందుకు పోయింది? అది వేరే ట్రాన్సాక్షన్, మీరు ఇంకా కమిట్ చెయ్యని రోలు దానికి కనబడవు. ఇప్పుడే పోసిన పాలని వదిలేసి పాత లెక్క చెబుతుంది. 60 లీటర్ల నియమం ఉన్నట్టే ఉంటుంది, ఎవరినీ ఆపదు. ఎర్రరే నయం.

సరైన దారి పాతదే. రో ట్రిగ్గర్‌లో ఏ రైతులు మారారో నోట్ చేసుకోండి, స్టేట్‌మెంట్ అయిపోయాక ఆ రైతులందరినీ ఒకేసారి చెక్ చెయ్యండి. ఇదివరకు దీనికి ప్యాకేజీ వేరియబుల్, మూడు ట్రిగ్గర్లు కావాల్సి వచ్చేది. 11జీ నుంచి కాంపౌండ్ ట్రిగ్గర్ ఉంది. బిఫోర్ స్టేట్‌మెంట్, బిఫోర్ రో, ఆఫ్టర్ రో, ఆఫ్టర్ స్టేట్‌మెంట్ నాలుగు భాగాలూ ఒకే ఇంట్లో, వాటి మధ్య వేరియబుల్స్ పంచుకుంటాయి. స్టేట్‌మెంట్ అయిపోగానే ఆ వేరియబుల్స్ వాటంతటవే ఖాళీ అవుతాయి. ఒరాకిల్‌లో ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు.

ఈ 60 లీటర్ల నియమం గురించే ఇంకో మాట, ఒరాకిల్‌లోనే కాదు, పోస్ట్‌గ్రెస్‌లోనూ అంతే. ఇద్దరు ఒకే రైతుకి ఒకే క్షణంలో వేరే వేరే సెషన్ల నుంచి ఎంట్రీ కొట్టారు. ఒకరి కమిట్ కాని రో ఇంకొకరికి కనబడదు. ఇద్దరి ట్రిగ్గర్లూ సరే అంటాయి. మొత్తం 60 దాటుతుంది. రో లెవెల్‌ని స్టేట్‌మెంట్ లెవెల్ చేసినా ఇది తీరదు. రైతు రో మీద సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ లాంటి లాకు వెయ్యాలి, లేదా పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఐసొలేషన్ లెవెల్‌ని (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లని ఎంత విడిగా ఉంచాలన్నది) సీరియలైజబుల్‌కి పెంచాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి వద్దాం. ఇక్కడ మీకు ఎంపికే లేదు, స్టేట్‌మెంట్ లెవెల్ ఒక్కటే. అయినా జనం రో లెవెల్ బుర్రతోనే రాస్తారు. ట్రిగ్గర్ మొదటి లైన్ ఇలా ఉంటుంది: సెలెక్ట్ ఎట్ ఐడీ ఈక్వల్స్ ఐడీ ఫ్రమ్ ఇన్సర్టెడ్. ఇది ఎన్ని కోడ్‌బేస్‌లలో ఉందో చెప్పలేను. ఇన్సర్టెడ్‌లో ఒక రో ఉంటే సరిగ్గా నడుస్తుంది. 40,000 ఉంటే ఆ వేరియబుల్‌లో ఏదో ఒక ఐడీ మిగులుతుంది, దాని ఒక్కదానికే పని జరుగుతుంది, మిగతా 39,999 రోలకి ఏమీ జరగదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రేటు చార్టు మారిందని ఎవరో రాత్రి ఒక పెద్ద అప్‌డేట్ కొడతారు, చరిత్ర టేబుల్‌లో ఒకే ఒక్క రో ఉంటుంది. ఒరాకిల్ అయితే అరుస్తుంది, ఇది నోరు మెదపదు. నన్నడిగితే ఈ రెండింట్లో ఎస్‌క్యూఎల్ సర్వర్‌దే ఎక్కువ ప్రమాదం. మీ దగ్గర ట్రిగ్గర్లున్నాయంటే వెళ్లగానే ఈ లైన్ కోసం వెతకండి. దొరికితే కర్సర్ పెట్టి (రోలని ఒక్కొక్కటిగా తిప్పి) సరిచేయకండి. ఇన్సర్టెడ్‌తో జాయిన్ పెట్టి సెట్‌గా రాయండి.

మైఎస్‌క్యూఎల్‌లో కథ తిరగబడుతుంది. రో లెవెల్ ఒక్కటే. ఏ టేబుల్ మీద ట్రిగ్గర్ ఉందో ఆ టేబుల్‌నే ట్రిగ్గర్ లోపల అప్‌డేట్ చేయబోతే 1442 ఎర్రర్. కేంద్రం లెక్కలాంటిది ట్రిగ్గర్‌తో పెడితే బల్క్ లోడ్‌లో దెబ్బ తప్పదు. చాలామంది ఒక సెషన్ వేరియబుల్ పెట్టుకుంటారు. బల్క్ లోడ్‌కి ముందు దాన్ని సెట్ చేస్తారు, ట్రిగ్గర్ దాన్ని చూసి ఏమీ చెయ్యకుండా పక్కకి తప్పుకుంటుంది, లోడ్ అయ్యాక ఒక గ్రూప్ బైతో లెక్క కలుపుతారు. అందం లేదు గానీ పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8లో మరో గోతి ఉంది. ఫారిన్ కీ క్యాస్కేడ్ వల్ల డిలీట్ అయిన రోలకి ట్రిగ్గర్ ఫైర్ కాదు. రైతుని తీసేస్తే అతని ఎంట్రీలు పోతాయి, లెక్క తగ్గదు.

ట్రిగ్గర్ ఫైర్ కాని ఇంకొన్ని సందర్భాలు వేగంగా చెప్పేస్తా. ట్రంకేట్ (టేబుల్ మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేసే కమాండ్) కొడితే డిలీట్ ట్రిగ్గర్ ఎక్కడా ఫైర్ కాదు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రంకేట్‌కి విడిగా ట్రిగ్గర్ ఉంది, అది స్టేట్‌మెంట్ లెవెలే. అక్కడే పార్టిషన్లు (ఒక పెద్ద టేబుల్‌ని ముక్కలుగా ఉంచడం) వాడితే, పేరెంట్ టేబుల్ పేరుతో ఇన్సర్ట్ చేసినప్పుడు పేరెంట్ మీద ఉన్న స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ మాత్రమే ఫైర్ అవుతుంది, పార్టిషన్ మీద పెట్టింది కాదు. రో ట్రిగ్గర్లు మాత్రం పార్టిషన్ మీదవి ఫైర్ అవుతాయి. లాజికల్ రెప్లికేషన్‌లో (మార్పులని ఇంకో సర్వర్‌కి పంపే ఏర్పాటు), అవతలి సర్వర్ మీద స్టేట్‌మెంట్ ట్రిగ్గర్లు ఫైర్ కావు, మొదటిసారి టేబుల్ కాపీ అయ్యేటప్పుడు తప్ప. రో ట్రిగ్గర్లు కూడా రెప్లికా అనో ఆల్వేస్ అనో ఎనేబుల్ చేస్తేనే ఫైర్ అవుతాయి.

నా వైపు నుంచి ఇంతే. ప్రశ్నలుంటే తీసుకుంటా.

(ప్రశ్న: మా అప్లికేషన్ ఓఆర్ఎమ్ (కోడ్‌లోని ఆబ్జెక్టులని టేబుళ్లకి కలిపే లైబ్రరీ) మీద నడుస్తుంది. స్టేట్‌మెంట్ లెవెల్‌కి మార్చాం, స్పీడులో తేడా ఏమీ రాలేదు. ఎందుకు?)

మీ ఓఆర్ఎమ్ లూప్‌లో సేవ్ పిలుస్తోందేమో చూడండి. స్టేట్‌మెంట్ అంటే డేటాబేస్‌కి చేరిన ఒక కమాండ్. మీ కోడ్‌లో అది ఒకే బటన్ నొక్కుడు కావచ్చు, డేటాబేస్‌కి మాత్రం 40,000 విడివిడి ఇన్సర్టులు వెళ్తుంటే స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ 40,000 సార్లే ఫైర్ అవుతుంది. పైగా ప్రతిసారీ ఒక్క రో కోసం ట్రాన్సిషన్ టేబుల్ కట్టే ఖర్చు అదనం. క్వెరీ లాగ్ ఆన్ చేసి ఏం వెళ్తోందో కళ్లతో చూడండి. బల్క్ ఇన్సర్ట్ మెథడ్ చాలా ఓఆర్ఎమ్‌లలో ఉంటుంది, దానికి మారితే తేడా కనిపిస్తుంది.

(ప్రశ్న: నెల చివర చెక్ చెయ్యాల్సిన నియమాలు కాదు, ట్రాన్సాక్షన్ చివర చెక్ చెయ్యాల్సినవి ఉన్నాయి. స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ సరిపోతుందా?)

పోస్ట్‌గ్రెస్ అయితే సరిపోదు. రెండు స్టేట్‌మెంట్ల మధ్య నియమం తాత్కాలికంగా తప్పొచ్చు, కమిట్ నాటికి సరిగా ఉంటే చాలు, అంతేనా మీరనేది? దానికి కన్‌స్ట్రెయింట్ ట్రిగ్గర్ ఉంది, డిఫరబుల్ ఇనీషియల్లీ డిఫర్డ్ అని పెడితే కమిట్ దగ్గర చెక్ చేస్తుంది. కాకపోతే అది ఆఫ్టర్ రో మాత్రమే, స్టేట్‌మెంట్ లెవెల్‌లో పెట్టనివ్వదు. ప్రతి రోకీ ఒక ఈవెంట్ కమిట్ దాకా మెమరీలో వేచి ఉంటుంది. చిన్న ట్రాన్సాక్షన్లకి ఫర్వాలేదు, లక్షల రోల లోడ్‌కి ముందు మాత్రం ఆలోచించండి.

(ప్రశ్న: పాత సిస్టమ్ చేతికొచ్చింది. ఏ టేబుల్ మీద ఏ రకం ట్రిగ్గర్ ఉందో ఒకే చోట చూసే వీలుందా?)

ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమాలో ట్రిగ్గర్స్ అని ఒక వ్యూ ఉంటుంది. అందులో యాక్షన్ ఓరియంటేషన్ అన్న కాలమ్‌లో రో అనో స్టేట్‌మెంట్ అనో ఉంటుంది, యాక్షన్ టైమింగ్‌లో బిఫోర్, ఆఫ్టర్. ఇన్సర్ట్ ఆర్ అప్‌డేట్ అని కలిపి రాసిన ట్రిగ్గర్ ఒక్కటే అయినా అక్కడ రెండు రోలుగా కనిపిస్తుంది, కంగారు పడకండి. ట్రంకేట్ ట్రిగ్గర్లు మాత్రం ఆ వ్యూలో కనబడవు, అవి స్టాండర్డ్‌లో లేవు కాబట్టి. వాటికోసం పీజీ ట్రిగ్గర్ కేటలాగ్‌లో వెతకాలి. అక్కడ టీజీ ఎనేబుల్డ్ అన్న కాలమ్ కూడా చూడండి. ఎప్పుడో ఏదో లోడ్ కోసం డిసేబుల్ చేసి, తిరిగి ఆన్ చెయ్యడం మర్చిపోయిన ట్రిగ్గర్లు అందులో డీ అన్న అక్షరంతో ఉంటాయి.